దవాఖాన గేరు, ఉయ్యాల చీల

నాకు కారు నడపడం వచ్చు. కాకపోతే ఒక్క కారే వచ్చు. అందరూ గేరు ముందుకు తోసే చోట నేను వెనక్కి లాగుతాను, అందరూ వెనక్కి లాగే చోట ముందుకు తోస్తాను. ఇప్పటికీ నేను స్టీరింగు ముందు కూర్చుంటే మా ఇంట్లో వాళ్ళంతా గోడ వారకు జరుగుతారు. జరగండి, నాకేం? నేర్పినవాడి తప్పుకు నేనెందుకు సిగ్గుపడాలి? ఆ నేర్పినవాడు మా ఆయనే. డెబ్బయ్యవ దశకంలో గోదావరిఖనిలో కంపెనీ గ్యారేజీలో ఫిట్టరు.

ఆ కారు దవాఖానలో పెద్ద డాక్టరుది. విదేశంలో చదువుకున్నప్పుడు మోజుపడి కొని, ఓడలో తెచ్చుకున్నాడట. పందాల్లో ఉరికే రకం. రెండే సీట్లు. పైకప్పు లేదు. తలుపు మోకాలి దాకా వస్తుంది, అడుగు నేలకు జానెడు ఎత్తున ఉంటుంది. బొగ్గు నింపి గనిలోంచి తాడుతో పైకి లాగే ఇనుప తొట్టిని మా దగ్గర టబ్బు అంటారు. కాలనీ జనం ఈ కారుకూ ఆ పేరే పెట్టారు. "డాక్టరు సారు టబ్బొచ్చింది" అని పిల్లలు వెంటపడేవారు. మా గతుకుల రోడ్ల మీద దాని సన్నటి గేర్‌బాక్సు మూడుసార్లు పళ్ళు రాల్చుకుంది, మూడుసార్లూ మా ఆయనే బాగుచేశాడు. నాలుగోసారి రాలేసరికి డాక్టరుకు బదిలీ అయింది. "నువ్వే ఉంచుకో, కోళ్ళ గూడుకైనా పనికొస్తుంది" అని కాగితాలతో సహా ఇచ్చేసి రైలెక్కాడు. రెండు ఎద్దులు లాగితే ఆ కారు మా క్వార్టరు ముందు వేపచెట్టు కిందికి చేరింది. మా అత్తమ్మ కోళ్ళు డాక్టరు మాటను వారంలోనే నిజం చేశాయి.

నాది మంథని. మావాళ్ళు తరతరాలుగా అక్కడ బడిపంతుళ్ళు. నేనూ టీచరునే. గోదావరిఖనిలో కాలనీ బడికి ఉద్యోగానికి వచ్చాను. బడిలో చేతిపంపు పాడైతే బాగుచెయ్యడానికి ఒక ఫిట్టరు వచ్చాడు. ఆ పంపు నెలలో నాలుగుసార్లు ఎందుకు పాడైందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి రిజిస్ట్రారు ముందు సంతకాలు పెట్టి ఉన్నాం. కులాలు వేరు. మా అన్నయ్య ఒంటికాలి మీద లేచాడు. నాన్న అప్పటికే లేడు కాబట్టి ఇంట్లో అన్నయ్య మాటే మాట. నన్ను గడప తొక్కొద్దన్నాడు. మా ఆయన పేరు కూడా నోట పలకడు. ఎప్పుడు చెప్పాల్సి వచ్చినా "గా మనిషి" అంటాడు.

మూడేళ్ళు అలాగే గడిచాయి. ఈలోగా నాకు కూతురు పుట్టింది. పుట్టి పది నెలలైంది, నాలుగు పళ్ళు వచ్చాయి, కనపడినదల్లా కొరుకుతోంది. మా అమ్మ దాన్ని ఇంకా చూడలేదు. ముప్పై చిల్లర కిలోమీటర్లు, ఒక్క బస్సు. కానీ మా అమ్మ, కొడుకు సరే అననిదే గడప దాటే మనిషి కాదు. బస్సు కండక్టరు చేతికి ఒకసారి పాత చీరలతో కుట్టిన బొంత ఇచ్చి పంపింది. బొంత ఒక మూల పసుపు దారంతో చిన్న చెయ్యి కుట్టి ఉంది. పిల్ల చెయ్యి ఎంతుంటుందో అంచనా వేసి కుట్టినట్టుంది. ఆ చెయ్యి మా పిల్ల చేతికన్నా చాలా చిన్నది. అది చూసి నేను బస్టాండులోనే ఏడ్చాను, దాచుకునేదేముంది.

ఆ తర్వాత అన్నయ్య దగ్గర్నుంచి కార్డు వచ్చింది. మా అన్నయ్య ఇంట్లో మనిషిలాగే మాట్లాడతాడు గానీ కలం పట్టాడంటే వ్యాకరణం పూనుతుంది. "అమ్మ నీ కూతురిని చూడవలెనని పోరుచున్నది. మీ వాకిట ఒక వాహనము కలదనియు, అందు కోళ్ళు కాపురము చేయుచున్నవనియు వినుచున్నాము. ఆ వాహనము ఎడ్లు లాగకుండ, మనుష్యులు త్రోయకుండ, స్వశక్తితో మా గడప ముందరకు వచ్చిన నాడు అమ్మను అందులో పంపెదను. అంతవరకు ఈ ప్రసక్తి వలదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. కార్డు చింపబోతుంటే మా ఆయన లాక్కుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, ఒకచోట ఆగాడు.

"స్వశక్తి అంటే ఏంది టీచరమ్మా?"

"సొంత బలం. నిన్ను ఎక్కిరిస్తున్నడయ్యా మా అన్నయ్య!"

"ఎక్కిరించనీ. సొంత బలమే గద అడిగింది? గది నేను పెడ్త."

వెక్కిరింపును పని ఆర్డరుగా చదువుకున్న మనిషిని నేను మా ఆయన్ని తప్ప ఇంకొకరిని చూడలేదు. మర్నాడే కోళ్ళను వెళ్ళగొట్టాడు.

ఆ కారు గేర్‌బాక్సును మళ్ళీ బాగుచేసి లాభం లేదు. కాబట్టి దాన్ని తీసేసి ఇంకా గట్టిది పెట్టాలి. అప్పుడే దవాఖాన అంబులెన్సు వ్యానొకటి పనికిరాదని తుక్కులో పోయింది. తుక్కు కొన్న సేటు ఇంట్లో పంపుసెట్టు బాగుచేసిచ్చి, బదులుగా ఆ వ్యాను గేర్‌బాక్సు పట్టుకొచ్చాడు మా ఆయన. ఇద్దరు మనుషులు మోస్తే గానీ లేవలేదు. పళ్ళు ఒక్కొక్కటి నా బొటనవేలంత ఉన్నాయి. అత్తమ్మ అది చూసి చాట కింద పడేసింది.

"ఓరి నీ పాడుగాను! పీనుగులను మోసిన బండిది గదరా! ఇంటికి తెస్తవా?"

"పీనుగులనే కాదు అవ్వా, బతికినోళ్ళను గూడ మోసింది."

అత్తమ్మ దాని మీద పసుపునీళ్ళు చల్లింది, ఎందుకైనా మంచిదని నిమ్మకాయ కూడా కోసింది. ఆ తర్వాత ముగ్గురం ఒట్టు పెట్టుకున్నాం, మంథనిలో ఈ సంగతి పొక్కొద్దని. మైల పడిన బండి అని తెలిస్తే అన్నయ్య వాకిలి కడిగించి మరీ వెళ్ళగొడతాడు. ఆ గేర్‌బాక్సు ఏ బండిదో ఆయనకు ఈ రోజుకీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది. తెలియనీ.

బిగించడం అంటే నాలుగు బోల్టులు తిప్పడం అనుకున్నాను. ఎక్కడ! ఇంజను వెనక బెజ్జాలు ఒకచోట ఉంటే, గేర్‌బాక్సు బెజ్జాలు ఇంకొకచోట ఉన్నాయి. రెండింటికీ మధ్య మందపాటి ఇనుప రేకు పెట్టి, ఇటు బెజ్జాలు ఇంజనుకు, అటు బెజ్జాలు గేర్‌బాక్సుకు సరిపోయేలా తొలచాలి. కొలతలు తీసీ తీసీ మా ఆయన తలపట్టుకున్నాడు. నేను బడి నుంచి డ్రాయింగు కాగితం తెచ్చి, ఇంజను వెనక అదిమి పట్టి, బొగ్గుపొడి రుద్దాను. పిల్లల చేత రూపాయి బిళ్ళల మీద కాగితం పెట్టించి పెన్సిలు రుద్దిస్తాం చూడండి, అదే పద్ధతి. బెజ్జాలన్నీ అచ్చుగుద్దినట్టు పడ్డాయి. "టీచరమ్మా, నువ్వు గ్యారేజీల పనికి రాకూడదా?" అన్నాడు. నేను వారం రోజులు ఆ మాటకే పొంగిపోయాను.

గేర్‌బాక్సు కడ్డీ కారు క్లచ్చు ప్లేటులో దూరలేదు. వ్యాను ప్లేటు నడుమ భాగం కోసి, కారు ప్లేటుకు రివిట్లు కొట్టాడు. కొత్త గేర్‌బాక్సు పొడుగు కాబట్టి, వెనక చక్రాలకు పోయే షాఫ్టును జానెడు కోసి మళ్ళీ వెల్డింగు చేశాడు. మొదటిసారి వంకరగా అతికింది. ఆ రోజు కారెక్కి దిగిన నా పళ్ళు సాయంత్రం దాకా టకటకలాడుతూనే ఉన్నాయి. నేను ఒక నోటు పుస్తకం విసిరికొట్టాను, ఆయన మళ్ళీ కోసి సరిచేశాడు.

అసలు తంటా గేరు రాడ్డు దగ్గర వచ్చింది. వ్యానులో డ్రైవరు ఇంజను పక్కనే కూర్చుంటాడు. కారులో బాగా వెనక కూర్చుంటాడు. కాబట్టి రాడ్డు ఎక్కడో డాష్‌బోర్డు కింద, కాళ్ళకు అందేలా వచ్చింది. మా ఆయన ఒక ఇనుప బద్ద తీసుకుని, నడుమ చీల కొట్టి, ఒక కొస గేర్‌బాక్సుకు తగిలించి, రెండో కొస మన చేతికి అందేలా పెట్టాడు. గనిలో టబ్బులు పట్టాలు మారే దగ్గర ఇలాంటి లివర్లే ఉంటాయట. బాగానే ఉంది. కానీ నడుమ చీల ఉన్న బద్ద ఒక కొస ముందుకు పోతే రెండో కొస వెనక్కి పోతుంది కదా! గేర్లన్నీ తిరగబడ్డాయి. ముందుకు తోస్తే వెనకది, వెనక్కి లాగితే ముందుది.

"మళ్ళ విప్పి సక్కగ చెయ్యరాదు?" అన్నాను.

"గనిల గిట్లనే ఉంటది. నడుస్తది తియ్యి," అన్నాడు.

నడిచింది, కానీ ఆయనకు నడవలేదు! పదేళ్ళుగా కంపెనీ బండ్లు నడిపిన చెయ్యి. ఒకటో గేరు అనుకుని రివర్సు వేసి, కట్టెల మోపును గుద్దాడు. రెండో రోజు అత్తమ్మ గిన్నెలు కడిగే జాలారు గోడ గుద్దాడు. గ్యారేజీ వాళ్ళు ముగ్గురు వచ్చి మేం నడుపుతామన్నారు. ముగ్గురూ వెనక్కే పోయారు. చివరికి చిరాకేసి నేనెక్కాను. జన్మలో స్టీరింగు ముట్టుకోలేదు. కాబట్టి నా చేతికి ఏ అలవాటూ లేదు. మా ఆయన చూపించింది చూపించినట్టు చేశాను. కారు ముద్దుగా ముందుకు కదిలింది. వాకిట్లో ఉన్న జనమంతా నోరెళ్ళబెట్టారు.

అలా నేను ఆ కారుకు డ్రైవరునయ్యాను. సైలెన్సరు మోతకు ఒకరి మాట ఒకరికి వినపడదు కాబట్టి ఆయన పక్కన కూర్చుని తలుపు మీద పానాతో కొట్టేవాడు. గనిలో టబ్బులు లాగే తాడు ఇంజనుకు గంట కొట్టినట్టే. ఒక దెబ్బకు ఆగాలి, రెండు దెబ్బలకు ముందుకు, మూడు దెబ్బలకు వెనక్కి. నెల రోజులు మైదానంలో తిప్పాను. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు నెత్తి మీది టోపీలతోనే నిలబడి, "టీచరమ్మ టబ్బు గుంజుతున్నది" అని చూసిపోయేవారు.

మే నెల ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. పిల్లను అత్తమ్మ దగ్గర వదిలి, అన్నయ్య కార్డును జాకెట్లో దోపుకున్నాను. కారు పెద్ద వేగం పోలేదు గానీ ఎక్కడా ఆగలేదు. మంథని ముందు వాగు ఉంది. ఎండాకాలం కదా, అంతా ఇసుకే. "వాగుల కూలబడ్తది" అని అన్నయ్య ఊరంతా చెప్పాడని కండక్టరు ముందే చెప్పాడు. ఒకటో గేరులో దించాను. ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి, ఇంజను మూలిగింది. పీనుగుల గేర్‌బాక్సు మాత్రం పట్టు వదల్లేదు. ఎక్కేశాం! నేను ఎగిరి అరిచాను. ఆ ఊపులో గేరు మార్చబోతే కాళ్ళ దగ్గర ఠప్‌మని ఏదో తెగింది.

నడిమి చీల. వేళ్ళంత లావున్న పళ్ళకు ఏమీ కాలేదు, చిన్న చీల విరిగింది. మా ఆయన కారు కిందికి దూరి, గుడ్డ చుట్టి, తీగ కట్టి, ఎన్నో తంటాలు పడ్డాడు. రాడ్డు ఎటు తిప్పినా ఒక్క రివర్సే పడుతోంది. ఎండ ముదిరింది. మంథని జనం అప్పుడే చుట్టూ చేరారు. ఒకాయన "తోద్దామా?" అన్నాడు.

"చెయ్యి వేసిండ్రంటే మర్యాద దక్కది!" అని అరిచాను. మనుష్యులు త్రోయకుండ, అని రాసి ఉంది మరి.

మా ఆయన మొహం చిన్నబోయింది. "బండి ఈడనే ఇడ్సి సాయంత్రం బస్సుకు వాపసు పోదాం టీచరమ్మా. చీల కొట్టించుకొని వచ్చే ఆదివారం వద్దాం."

వచ్చే ఆదివారమా? ఇంటి దాకా వచ్చి తిరిగిపోతే అన్నయ్య ఇంకో కార్డు రాస్తాడు, ఇంకా కఠినమైన సంధులతో. అమ్మ బొంతలో చెయ్యి గుర్తొచ్చింది. "వెనక్కన్న నడుస్తది గద?" అన్నాను. ఆయన నా వైపు చూసి, నెమ్మదిగా నవ్వి, పానా తీసి తలుపు మీద మూడు దెబ్బలు కొట్టాడు.

వాగు ఒడ్డునే బస్సులు తిరిగే ఖాళీ జాగాలో వెనక్కే గుండ్రంగా తిప్పి, తోకను మా వీధిలోకి పెట్టాను. మెడ తిప్పి చూసుకుంటూ, మా వీధి మొత్తం వెనక్కే నడిపాను. అరుగుల మీద ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నాకు చదువు చెప్పిన పంతులుగారు గొడుగు మూసి మరీ చూశారు. సరిగ్గా మా గడప ముందు మా ఆయన ఒక దెబ్బ కొట్టాడు. ఆపాను.

తలుపు తెరిచే ఉంది. పడసాలలో ఉయ్యాల బల్ల మీద కూర్చుని అన్నయ్య పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. ఇంటి తీర్పులన్నీ ఆ ఉయ్యాల మీదే. లేచి రాలేదు.

"గిదేంది? వెనక్కి వచ్చినవ్?"

నేను కార్డు తీసి గట్టిగా చదివాను. "ఎడ్లు లాగకుండ, మనుష్యులు త్రోయకుండ, స్వశక్తితో. ముందు మొహంతో రావాలని ఎక్కడ రాసినవ్?"

"వచ్చుట అంటేనే ముందుకు వచ్చుట! వెనక్కి వస్తే దాన్ని వచ్చుట అనరు."

"మరి గడప ముందర ఉన్నదేంది? నా తలకాయా?"

అప్పుడు మా అమ్మ బయటికి వచ్చింది. మూడేళ్ళలో ఎంత చిక్కిపోయిందో! నన్ను చూడగానే కళ్ళు నిండాయి. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. దీపాలు ఎటున్నాయో, తోక ఎటుందో చూసింది.

"దీని మొహం ఎటున్నది?"

"గటు, మా ఊరి దిక్కు," అన్నాను.

"అంటే నా మనుమరాలి దిక్కే గద. నన్ను తీస్కపోయెటందుకే మలుపుకొని వచ్చింది. ఇంక దీనికి వ్యాకరణమేంది రా?" అని కారు తలుపు తీసుకుని కూర్చుంది.

ఇంతలో మా ఆయన చేతులు నలుపుకుంటూ నిజం చెప్పేశాడు, చీల లేనిది బండి ముందుకు పోదని. అన్నయ్య మొహం కాస్త వెలిగింది. అమ్మ ఆ వెలుగు చూసింది. కూర్చున్న చోటు నుంచే అడిగింది. "ఎంత చీల?"

"చిటికెన వేలంత."

"ఉయ్యాల గొలుసుకు ఉన్నది గంతనే. తియ్యిండ్రి."

"గా మనిషి లోపటికి వచ్చుడు నడవది," అన్నాడు అన్నయ్య.

"అయితే నువ్వే తియ్యి. పంపెదను అని రాసింది నువ్వే గద?"

మా అన్నయ్యలో నాకు నచ్చే గుణం ఒకటే. రాసిన మాట తప్పడు. పేపర్లు పక్కన పెట్టి, పీట వేసుకుని, తన ఉయ్యాల చీల తనే పీకాడు. బల్ల ఒక పక్కకు ధడాలున పడింది. పేపర్లన్నీ చెల్లాచెదురయ్యాయి. వదిన నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని, చీల తెచ్చి మా ఆయన చేతిలో పెట్టింది. అది అచ్చంగా దాని కోసమే చేసినట్టు కూర్చుంది. రాడ్డు వెనక్కి లాగాను, ఒకటో గేరు పడింది.

అప్పుడు తట్టింది నాకు. రెండే సీట్లు. ఒకదాంట్లో అమ్మ, ఒకదాంట్లో నేను. నేను తప్ప ఆ బండి నడిపేవాళ్ళు లేరు. మా ఆయన నడివీధిలో, నడినెత్తిన ఎండలో నిలబడి ఉన్నాడు. బస్సు సాయంత్రం గానీ లేదు.

"మరి నేను?" అన్నాడు పాపం.

అమ్మ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "ఉయ్యాల విరిగింది గద నాయినా. ఫిట్టరువు నువ్వు, నువ్వు గాక ఎవరు చేస్తరు? లోపటికి పోయి జర బాగుచెయ్యి. నడువు బిడ్డా, జల్ది నడువు!"

దారి పొడుగునా అమ్మ నవ్వుతూనే ఉంది. జుట్టు రేగిపోయింది, కొంగు జెండాలా ఎగిరింది. ఒకచోట అడిగింది, "వెనక్కి గుంజితే ముందుకు పోతదేందే ఇది?" "ఇది గంతే అమ్మా," అన్నాను. ఇల్లు చేరగానే పిల్లను ఎత్తుకుంది. పిల్ల దాని నాలుగు పళ్ళతో అమ్మ వేలు కొరికింది. అమ్మ కెవ్వుమని, మళ్ళీ అదే వేలు అందించింది.

నేను మాత్రం బస్సు దారి వైపే చూస్తున్నాను. అక్కడ ఏం గొడవ అవుతోందో, మంచినీళ్ళయినా ఇచ్చారో లేదో అని. పొద్దూకే వేళ బస్సు దిగి మా ఆయన వచ్చాడు. చేతిలో వదిన ఇచ్చిన మామిడికాయ తొక్కు సీసా ఉంది. నేను, అమ్మ, అత్తమ్మ చుట్టూ మూగాం.

"గంట సేపు అరుగు మీదనే కూసోబెట్టిండు. నేను జూస్తున్న, ఆయన జూస్తున్నడు. కూసుందామంటే ఆయనకు ఉయ్యాల లేదాయె. ఆఖరుకు మీ వదినె రమ్మన్నది. బాయి గిలక బోల్టు కోసి చీల చేసి కొట్టిన. 'కూసోండ్రి, ఆగుతది' అన్న. కూసుంటలేడు. నా చీల మీద నమ్మకం లేదు."

"మరి?"

మా ఆయన సీసా కింద పెట్టాడు. "జరసేపు ఉయ్యాల దిక్కు జూసిండు, జరసేపు నా దిక్కు జూసిండు. 'నువ్వు గూడ కూసో బావా, పడితే ఇద్దరం పడుదాం' అన్నడు."

అమ్మ పిల్ల నోట్లోంచి కొంగు లాక్కుని కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని అడిగింది.

"పడ్డరా మరి?"

"పడలే అత్తమ్మా," అన్నాడు. "ఉయ్యాలకు గూడ రెండు సీట్లే, గట్టిగనే ఉన్నయి."